నెలనెలా కార్పెట్ తుడిపిస్తున్నా నాలుగో రోజుకే మళ్లీ నల్లగా. ఎక్కడ తప్పు చేస్తున్నాం?

మూడో అంతస్తు
అందరికీ నమస్కారం. నేను ఒక ఆఫీసు బిల్డింగులో రెండు అంతస్తుల నిర్వహణ చూస్తాను. నేలంతా కార్పెట్ టైల్సే, అంటే చదరపు ముక్కలుగా పరిచే కార్పెట్, బూడిద రంగు, పొట్టి లూప్ రకం, వేసి నాలుగేళ్లయింది. రోజూ సాయంత్రం వాక్యూమ్ చేస్తారు, నెలకోసారి రౌండ్ మెషిన్ కింద ప్యాడ్ తగిలించి షాంపూ నీళ్లతో పైపైన తుడిపిస్తాం. తుడిచిన మర్నాడు చూస్తే ముచ్చటేస్తుంది. నాలుగో రోజుకి లిఫ్ట్ ముందు నుంచి సీట్ల దాకా జనం నడిచే దారి మళ్లీ నల్లగా తేలుతుంది, తుడవకముందు కంటే కాస్త ఎక్కువే నలుపు ఉందేమో అని కూడా అనుమానం. మొదట్లో మూడు నెలలకోసారి చేయిస్తే సరిపోయేది, తర్వాత నెలకి దిగాం, ఇప్పుడు పదిహేను రోజులకోసారి చేయించమంటున్నారు. పైవాళ్లు అయితే "దీని పని అయిపోయింది, పీకేసి కొత్తది వేద్దాం" అని మొదలుపెట్టారు. నాలుగేళ్లకే పీకేయాలంటే నాకు మనసొప్పడం లేదు. మెషిన్ మార్చాలా, షాంపూ మార్చాలా, మనుషుల్ని మార్చాలా, తెలిసినవాళ్లు చెప్పండి.

రాత్రిషిఫ్ట్
మూడు ప్రశ్నలు, జవాబులు తెచ్చాక మాట్లాడుకుందాం. షాంపూ బకెట్‌లో కొలిచి పోస్తున్నారా, లేక చేతి లెక్కా, డబ్బా మూత లెక్కా? ప్యాడ్ ఎంత నేలకి ఒకసారి మారుస్తున్నారు? షాంపూ పని ఉన్న రోజు ముందు వాక్యూమ్ చేస్తున్నారా, లేక ఎలాగూ తడితో తుడుస్తున్నాం కదా అని వదిలేస్తున్నారా?

చీపురుకట్ట
మూడోదాని జవాబు నన్ను చెప్పేయమంటారా? వదిలేస్తున్నారు. ఎక్కడ చూసినా ఇదే కథ.

మూడో అంతస్తు
నిన్న రాత్రి దగ్గరుండి చూశాను, కాస్త సిగ్గుగానే ఉంది. షాంపూ డబ్బా మీద 1:64 అని రాసుంది. మావాడు పది లీటర్ల బకెట్‌లో దాదాపు అరలీటరు వంచేశాడు. ఇదేంటని అడిగితే "నురుగు రాకపోతే పని చేసినట్టుండదు సార్, చూసేవాళ్లకీ నమ్మకం కుదరదు" అన్నాడు. ప్యాడ్లు మొత్తం అంతస్తుకి రెండే, ఒకవైపు నల్లబడితే తిప్పేసి రెండోవైపు వాడతారు, అదీ నల్లబడితే బకెట్‌లో జాడించి మళ్లీ వేస్తారు, ఆ నీళ్లే మళ్లీ కార్పెట్ మీదికి. వాక్యూమ్ సంగతి చీపురుకట్ట గారు చెప్పిందే నిజం, షాంపూ రోజు వాక్యూమ్‌కి సెలవు.

రాత్రిషిఫ్ట్
అన్నా, నీ కార్పెట్‌కి రోగం లేదు, మందు ఎక్కువై పడిపోయింది. పద్నాలుగేళ్లుగా రాత్రిళ్లు ఇదే పని చేస్తున్నాను, ఇలా పిలిచిన చోట్ల సగానికి పైగా ఇదే చూశాను.

లెక్క చూడు. 1:64 అంటే పది లీటర్ల నీళ్లకి సుమారు 155 మిల్లీలీటర్లు. మీవాళ్లు పోసేది దానికి మూడింతలు. ఆ షాంపూ ఎక్కడికి పోతుంది? ప్యాడ్ కొంత పీల్చుకుంటుంది, మిగతాది పోగుల మీదే ఆరిపోతుంది. ఈ పద్ధతిలో నీళ్లు లాగేసే మెషిన్ లేదు, కడిగి తీసే మంచినీళ్లు లేవు. ఆరిన షాంపూ జిగురుగా ఉంటుంది. తర్వాత నడిచిన ప్రతి చెప్పూ దాని మీద దుమ్ము అంటించి పోతుంది. నాలుగో రోజుకి తేలే నలుపు అదే. మళ్లీ తుడుస్తారు, మళ్లీ ఇంకో పొర. మూడు నెలలు కాస్తా నెలకి, నెల కాస్తా పదిహేను రోజులకి ఎందుకు జరిగిందో ఇప్పుడు అర్థమయ్యుంటుంది.

నా మాట మీద నమ్మకం వద్దు, నువ్వే చూసుకో. నల్లబడ్డ దారిలో చేతి వెడల్పు జాగా ఎంచుకో. స్ప్రే సీసాలో ఉత్త వేడినీళ్లు, షాంపూ చుక్క కూడా వద్దు. కొట్టి, ఒక నిమిషం ఆగి, తెల్ల టవల్‌తో గట్టిగా అటూ ఇటూ రుద్ది చూడు. నురుగు లేచిందా, టవల్ జారుడుగా తగిలిందా, పాత షాంపూ లోపల ఉన్నట్టే.

ఇక పొడి దుమ్ము. కార్పెట్‌లో చేరే మురికిలో ఎక్కువ భాగం పొడిదే, ఇసుక, మట్టి, బట్టల పీచు, చర్మపు పొట్టు. పొడిగా ఉన్నంతసేపు గాలితో లాగితే వచ్చేస్తుంది. దాన్ని తీయకుండా పైన తడి పోస్తే బురద చేసి లోపలికి తొక్కినట్టే.

బోనెట్ భాయ్
మొదలెట్టారు, ఇక రౌండ్ మెషిన్ కింద ప్యాడ్ పెట్టి తుడిచే ఈ బోనెట్ పద్ధతినే తిడతారు అందరూ. నేను పదేళ్లుగా హోటల్ కారిడార్లలో ఇదే చేస్తున్నాను, ఒక్క ఫిర్యాదు లేదు. రాత్రి పదకొండుకి మొదలుపెడితే తెల్లారేసరికి ఆరిపోయి ఉంటుంది, గెస్టులు లేచేసరికి మెషిన్ కూడా కనిపించదు. ఇంకే తడి పద్ధతిలో అవుతుంది ఇది? తప్పు పద్ధతిది కాదు, చేసేవాడిది. ప్యాడ్‌ని పిండి, కేవలం తేమగా ఉంచి, పది పన్నెండు చదరపు మీటర్లకోసారి తిప్పో మార్చో చేస్తే ఇంత రచ్చ ఉండదు. నా బండిలో కనీసం ఇరవై ప్యాడ్లుంటాయి.

రాత్రిషిఫ్ట్
ఇరవై ప్యాడ్లున్నవాడితో నాకు పేచీ లేదు భాయ్. రెండు ప్యాడ్లతో అంతస్తు మొత్తం గీకేవాళ్ల గురించే నా గొడవ.

కానీ ఒకటి నువ్వూ ఒప్పుకోవాలి. బోనెట్ తీసేది పోగు కొసల మీది మురికే. నిమిషానికి 175 చుట్లు తిరిగే మెషిన్ బరువంతా ఒక్క ప్యాడ్ మీద పెట్టి గుండ్రంగా తిప్పితే, కట్ పైల్ అయితే, అంటే లూప్‌లా మడవకుండా పోగు కొసలు కత్తిరించిన రకమైతే, ఆ కొసలు మెలితిరిగి విడిపోతాయి, వెలుతురు పక్క నుంచి పడినప్పుడు సుడి గుర్తులు కనిపిస్తాయి. కొన్ని కార్పెట్ కంపెనీలు వారంటీ కాగితంలోనే ఇది వద్దని రాస్తాయి. మూడో అంతస్తు అన్నా, ఆ కాగితం ఎక్కడుందో వెతుకు, పీకేయడం గురించి తర్వాత మాట్లాడొచ్చు.

బోనెట్ భాయ్
కట్ పైల్ సంగతి ఒప్పుకుంటా. లూప్ మీద మాత్రం ఒప్పుకోను.

బకెట్‌రాణి
తమ్ముళ్లూ, మీ షాంపూ పంచాయితీ కాసేపు ఆపండి. ఈయన "రోజూ వాక్యూమ్ చేస్తారు" అన్నాడు, ఎవరూ ఆ మాట మీద ఆగలేదు. నా కింద పదకొండు మంది పని చేస్తారు, నాకు తెలిసినంతలో రోజూ వాక్యూమ్ అంటే మెషిన్ శబ్దం రోజూ వినిపిస్తుంది అని మాత్రమే అర్థం.

బాబూ, ఇవాళ మెషిన్ ప్లగ్ తీసి, తిరగేసి చూడు. బ్రష్ రోలర్‌కి దారాలు, వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయా? ఒక స్కేల్ తెచ్చి అడుగు ప్లేట్ మీద అడ్డంగా పెట్టు, బ్రష్ వెంట్రుకలు స్కేల్‌ని దాటి బయటికి రావాలి. ప్లేట్ లోపలే ఆగిపోతే ఆ బ్రష్ కార్పెట్‌ని తాకడం లేదన్నమాట. బెల్ట్ వేలితో లాగి చూడు, రబ్బరు సాగిపోయి ఉంటే మోటార్ గిర్రున తిరుగుతున్నా బ్రష్ కదలదు, పైన నిలబడి తోసేవాడికి తేడా తెలియదు. సంచి సగం దాటి నిండితే గాలి లాగుడు పడిపోతుంది. మావాళ్లు సంచి పగిలేదాకా మార్చేవారు కాదు, ఇప్పుడు సగానికి మార్కర్‌తో గీత గీసి పెట్టాను.

ఇంకో మాట, తోసే వేగం. గడ్డి కోసినట్టు చకచకా తోసుకుంటూ పోతే పైన కాగితం ముక్కలు తప్ప ఏమీ రావు. ముందుకి మామూలుగా తోసి, వెనక్కి లాగేటప్పుడు నెమ్మదించాలి. బ్రష్ లేపిన ఇసుకని గాలి పట్టుకోవాలంటే కాస్త సమయం ఇవ్వాలి కదా. లిఫ్ట్ ముందు, తలుపుల దగ్గర, మలుపుల్లో నాలుగైదు సార్లు, అది కూడా అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి. మేనేజర్ గది మూలల్లో వారానికి ఒకసారి చాలు. మావాళ్లు ఉల్టా చేసేవారు, మేనేజర్ గది అద్దంలా, లిఫ్ట్ ముందు గాలికి.

చరిత్ర పిచ్చి
చిన్న పక్కదారి, క్షమించాలి. బ్రష్ గురించి అక్క చెప్పింది చదివితే గుర్తొచ్చింది. గాలితో లాగే మెషిన్ కంటే తిరిగే బ్రష్షే ముందు వచ్చింది. 1876లో అమెరికాలో మెల్విల్ బిస్సెల్ అనే ఆయన చక్రాలతో తిరిగే కార్పెట్ స్వీపర్‌కి పేటెంట్ తీసుకున్నాడు. పింగాణీ సామాను దుకాణం ఆయనది, పెట్టెల్లో వచ్చే రంపపు పొట్టు కార్పెట్‌లో దూరి వదిలేది కాదని ఆ తంటా అంటారు. గాలితో లాగే పెద్ద యంత్రం 1901లో ఇంగ్లండ్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ చేశాడు, గుర్రపుబండి మీద తెచ్చి ఇంటి ముందు ఆపి, పొడుగు గొట్టాలు కిటికీలోంచి లోపలికి పంపేవారు. ఈ రెండూ, అంటే తిరిగే బ్రష్షూ గాలీ, ఒకే చేతి మెషిన్‌లో కలిపి 1908లో పేటెంట్ పొందినాయన జేమ్స్ స్పాంగ్లర్, ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ఊడ్చే పని చేసేవాడు, దుమ్ముకి ఆయాసం. ఆ పేటెంట్ తర్వాత హూవర్ కుటుంబానికి వెళ్లింది.

చీపురుకట్ట
అంటే మన పనికి పనికొచ్చే మెషిన్ కనిపెట్టింది మన పని చేసేవాడే. మీటింగులో చెప్పడానికి బాగుంది ఇది.

మూడో అంతస్తు
అక్కా, మీ మాట విని మెషిన్ తిరగేశాను. రెండు మెషిన్లలో ఒకదానికి బెల్ట్ తెగిపోయి ఉంది. ఎప్పుడు తెగిందో ఎవరికీ తెలియదు! రోలర్‌కి చుట్టుకున్న దారం, జుట్టు కత్తెరతో కోసి తీస్తే నా గుప్పెడు వచ్చింది, దాంట్లో ఒక ఐడీ కార్డు తాడు ముక్క కూడా ఉంది. రెండోదానికి బ్రష్ అరిగి స్కేల్‌కి అర మిల్లీమీటర్ కూడా పైకి రావడం లేదు. బెల్ట్, బ్రష్ మార్పించి, కొత్త సంచి వేసి, ఆ సాయంత్రం అప్పటికే వాక్యూమ్ చేసేశాం అన్న దారిలోనే మూడు మీటర్ల ముక్క ఎంచుకుని నేనే ఐదు నిమిషాలు నెమ్మదిగా లాగాను. తర్వాత సంచి విప్పి తెల్ల కాగితం మీద వంచాను. పైన దూదిలా బూడిద రంగు పీచు, అది తీసేస్తే కింద సన్నటి ఇసుక. వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడుతోంది. రెండు చెంచాల పైనే ఉంటుంది. ఆ కాగితం అలాగే మడిచి పైవాళ్ల టేబుల్ మీద పెట్టి వచ్చాను.

వేడినీళ్ల పరీక్ష కూడా చేశాను. నాలుగోసారి రుద్దేసరికి టవల్ అంచున తెల్లగా నురుగు లేచింది. రాత్రిషిఫ్ట్ గారూ, నమ్మాను.

రాత్రిషిఫ్ట్
ఆ ఇసుకే అసలు శత్రువు. ఇసుక రేణువుకి అంచులుంటాయి, అడుగు పడినప్పుడల్లా పోగుని కోస్తూ గీస్తూ ఉంటుంది. గీతలు పడిన పోగు మీద వెలుతురు చెదిరిపోతుంది, అందుకే ఎంత కడిగినా ఆ దారి మసకగానే కనిపిస్తుంది. అది మురికి కాదు, అరుగుదల. మీ దారిలో నలుపు ఎంత మురికి, ఎంత అరుగుదల అన్నది షాంపూ పొర వదిలించాక గానీ తేలదు.

చేయాల్సింది ఇది. ముందు ఒక్కసారి బాగా లోతుగా, వేడినీళ్లు కొట్టి వెంటనే లాగేసే ఎక్స్‌ట్రాక్షన్ మెషిన్‌తో, షాంపూ లేకుండా ఉత్త నీళ్లతోనో కొద్దిగా ఆమ్లం కలిసిన రిన్స్‌తోనో కడిగించు. పాత జిగురు పోవడానికే అది. తడి లాగే దెబ్బ కొట్టే దెబ్బకి రెట్టింపు ఉండాలి, అంటే ఒకసారి నీళ్లు కొడితే రెండుసార్లు ఉత్తగా లాగాలి. ఫ్యాన్లు పెట్టు, ఏసీ ఆపొద్దు, 24 గంటల్లోపు పూర్తిగా ఆరాలి. ఆరకపోతే వాసన మొదలవుతుంది, టైల్స్ అంచులు లేస్తాయి.

ఆ తర్వాత నెలవారీ పైపై తుడుపుకి ఎన్‌క్యాప్‌కి మారు.

కొత్తగా చేరాను
ఎన్‌క్యాప్ అంటే ఏంటండీ? మా దగ్గర సేల్స్‌మన్ ఆ మాట పదిసార్లు అన్నాడు, ఒక్కసారి కూడా అర్థమయ్యేలా చెప్పలేదు.

రాత్రిషిఫ్ట్
మామూలు షాంపూ ఆరితే జిగురు. ఎన్‌క్యాప్ ద్రావణంలో ఒక పాలిమర్ ఉంటుంది, అది ఆరితే పటికబెల్లం పలుకులా గట్టిగా, పెళుసుగా అవుతుంది. ఆరేటప్పుడు చుట్టూ ఉన్న మురికిని తనలో మూసేసుకుంటుంది. పెళుసు కాబట్టి పోగు నుంచి విరిగి పడుతుంది, వాక్యూమ్‌లో వచ్చేస్తుంది. అంతే కథ. మంచి మందా కాదా తెలుసుకోవాలంటే గాజు పళ్లెంలో ఒక చెంచా పోసి రెండు రోజులు ఆరనివ్వు. గోటితో గీకితే పొడిలా, పెచ్చులా లేస్తే మంచిది. వేలికి అంటుకుంటే ఆ డబ్బా వెనక్కి పంపేయ్.

చేసే విధానం: ముందు వాక్యూమ్, తర్వాత పంపు స్ప్రేతో సమంగా చల్లడం, తర్వాత రెండు బ్రష్ రోలర్లు ఎదురెదురుగా తిరిగే మెషిన్‌తో తోమడం. అది పోగుల్ని మెలిపెట్టకుండా నిలబెడుతుంది, కింద ఉన్న పీచు కూడా దాని ట్రేలో పడుతుంది. గంటా రెండు గంటల్లో నడవొచ్చు. మర్నాడు వాక్యూమ్ తప్పనిసరి, ఆ తర్వాత రోజులు కూడా.

బోనెట్ భాయ్
ఎన్‌క్యాప్ ద్రావణం నా బోనెట్ ప్యాడ్‌తో కూడా వాడొచ్చు, నేను రెండేళ్లుగా అదే చేస్తున్నాను. మెషిన్ కొనలేనివాళ్లకి ఇది చెప్పండి మరి.

రాత్రిషిఫ్ట్
ఇది మాత్రం కరెక్ట్. మందు మారితే సగం గొడవ తీరుతుంది. ప్యాడ్లు మాత్రం ఎక్కువ ఉంచుకోవాలి.

పాత లెడ్జర్
నేను కొనుగోళ్ల వైపు ఉంటాను, కాబట్టి అడ్డంగా మాట్లాడినా ఏమనుకోకండి. మీరంతా చెప్పేది ఎక్కువ వాక్యూమ్, కొత్త బ్రష్షులు, ఇరవై ప్యాడ్లు, లోతు క్లీనింగ్. ఇవన్నీ కలిపితే ఖర్చు పెరగదా? మనిషి గంటలే కదా అన్నిటికంటే బరువు.

బకెట్‌రాణి
పెరగదు లెడ్జర్ గారూ, జరుగుతుంది. పదిహేను రోజులకోసారి చేసే షాంపూ రాత్రి పోతుంది కదా, ఆ గంటలు వాక్యూమ్‌కి వస్తాయి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుని, ఇప్పుడు గొడ్డలి ఖర్చు గురించి అడిగితే ఎలా.

ఇంకా ఖర్చు తగ్గాలంటే తలుపు దగ్గర మ్యాట్ చూడండి. గుమ్మం ముందు పరిచే చిన్న పట్టా మురికి ఆపదు, రెండు అడుగుల్లో దాటేస్తారు. బయట గరుకుది, లోపల నీళ్లు పీల్చేది కలిపి కనీసం నాలుగున్నర మీటర్లు నడవాలి జనం. మ్యాట్ నిండిపోయాక అది కూడా మురికి పంచే యంత్రమే, అందుకే మా దగ్గర కార్పెట్ కంటే ముందు మ్యాట్‌నే రోజూ రెండుసార్లు వాక్యూమ్ చేస్తారు.

ఉన్ని గొర్రె
మా సమావేశ మందిరంలో ఉన్ని కార్పెట్. పైన చెప్పినవన్నీ దీనికీ వర్తిస్తాయా? ఎన్‌క్యాప్ పోసేయొచ్చా?

రాత్రిషిఫ్ట్
ఆగు ఆగు. ఉన్ని అంటే జుట్టు లాంటిది, క్షారం అంటే పడదు. ఆమ్లమా క్షారమా చెప్పే పీహెచ్ కొలతలో నైలాన్ 9, 10 దాకా ఓర్చుకుంటుంది, ఉన్నికి 5 నుంచి 8 లోపే ఉండాలి, వేడి కూడా తగ్గించాలి. బ్లీచ్ దగ్గరికి కూడా రానివ్వొద్దు, కరిగిపోతుంది. గట్టి బ్రష్‌తో తోమితే పోగు మొత్తం బూరులా లేస్తుంది. ఉన్నికి సరిపడేదని డబ్బా మీద రాసి ఉన్న మందు తీసుకుని, ముందు కుర్చీ కింద కనిపించని చోట వేసి చూడు.

ఏ పీచో తెలియకపోతే అంచున ఒక పోగు కొస కత్తిరించి, నీళ్ల గ్లాసులో వేసి వేలితో ముంచు. తేలితే పాలీప్రొపిలీన్, నీళ్ల కంటే తేలిక అది. నైలాన్, పాలియెస్టర్, ఉన్ని మునుగుతాయి. ఉన్నిని అగ్గిపుల్లతో కాలిస్తే జుట్టు కాలిన వాసన వస్తుంది, గది బయటికెళ్లి కాల్చు సుమా. పాలీప్రొపిలీన్ దాదాపు 165 డిగ్రీలకే కరుగుతుంది, అందుకే బల్ల ఈడ్చినా, రౌండ్ మెషిన్ పొడి ప్యాడ్‌తో ఒకేచోట తిరిగినా రాపిడికి మెరుపు మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఇక పోదు.

కొత్తగా చేరాను
నాది చిన్న గోల. కాఫీ మరక. మీటింగ్ రూమ్‌లో ఒకే చోట, మూడుసార్లు తీశాను, మూడుసార్లూ పూర్తిగా పోయింది, మూడుసార్లూ రెండో రోజుకి అదే ఆకారంలో తిరిగొచ్చింది. దెయ్యమా ఏమిటి?

బకెట్‌రాణి
దెయ్యం కాదు తల్లీ, దీపం వత్తి. కాఫీ పోగుల మీద ఆగదు, కిందికి దిగి అడుగు పొర దాకా పోతుంది. నువ్వు పైన తడిపి తుడిచావు, కింద ఉన్నది తడిలో కరిగింది, ఆరేటప్పుడు తడి పైకి పాకుతూ రంగుని వెంట తెచ్చి కొసల మీద వదిలేసింది. వత్తి నూనెని లాగినట్టే.

ఈసారి ఇలా చెయ్. చల్లటి నీళ్లు కొద్దిగా వేసి, తెల్ల టవల్‌తో అద్దు, రుద్దొద్దు, అంచు నుంచి మధ్యకి. అద్దగా అద్దగా రంగు రావడం ఆగిపోయాక, పొడి టవల్ నాలుగు మడతలు వేసి ఆ చోట పరిచి, పైన బరువు పెట్టు, లావు రిజిస్టరో నీళ్ల డబ్బానో. రాత్రంతా ఉంచు. పాకి వచ్చే రంగు టవల్ కొసకి చేరుతుంది, పోగుకి కాదు. పొద్దున టవల్ ఎత్తితే గోధుమ రంగు ముద్ర కనిపిస్తుంది, చూసి తీరాలి. నీడ ఇంకా మిగిలితే నైలాన్ మీదైతే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక చుక్క, అదీ కనిపించని చోట పరీక్షించాకే.

చీపురుకట్ట
నా వంతు అనుభవం. ప్రింటర్ దగ్గర టోనర్ పొడి ఒలికింది. మా కుర్రాడు మంచి మనసుతో వేడినీళ్లు, తడిగుడ్డ తెచ్చి రుద్దేశాడు. నల్లటి పళ్లెమంత మచ్చ, ఇప్పటికీ ఉంది, పైన డస్ట్‌బిన్ పెట్టుకున్నాం. టోనర్ అంటే ప్లాస్టిక్ పొడి, వేడి తగిలితే కరిగి అంటుకోవడమే దాని పని కదా, కాగితం మీదైనా కార్పెట్ మీదైనా. ముందు పొడిగానే వాక్యూమ్ చేయాలి, బ్రష్ లేకుండా గొట్టం కొసతో, పైనుంచి పట్టుకుని. ఫిల్టర్ మంచిది ఉండాలి, లేదంటే అటువైపు నుంచి గదంతా చిమ్ముతుంది. హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ రేణువుల్ని కూడా 99.97 శాతం ఆపుతుంది.

మూడో అంతస్తు
మూడు వారాలైంది, సంగతులు చెప్పాలి. వారంటీ కాగితం దొరికింది, రాత్రిషిఫ్ట్ గారు అన్నట్టే "రౌండ్ మెషిన్‌తో తిప్పే ప్యాడ్లు వాడరాదు" అని అక్షరాలా రాసుంది. నాలుగేళ్లుగా ఫైల్‌లోనే నిద్రపోతోంది.

శనివారం రాత్రి ఎక్స్‌ట్రాక్షన్ చేయించాం. షాంపూ వేయకుండా ఉత్త వేడినీళ్లే కొట్టినా, మురికి నీళ్ల ట్యాంకులో నురుగు మూత దాకా వచ్చింది, మెషిన్ తెచ్చినతను నురుగు చంపే మందు రెండుసార్లు పోయాల్సి వచ్చింది. నీళ్లు ఎలా ఉన్నాయంటే, వాన పడ్డాక గుంటలో నిలిచే నీళ్లు. ఆదివారం సాయంత్రానికి ఆరింది. సోమవారం జనం వచ్చి "కార్పెట్ ఎప్పుడు మార్చారు" అని అడిగారు, నేనేం మాట్లాడలేదు.

ఆ తర్వాత నలుగురికీ వాక్యూమ్ ఎలా లాగాలో ఒక పూట నేర్పించాం, కొలత కప్పు బకెట్‌కి తాడుతో కట్టేశాం. నాలుగో రోజు దాటింది, పదో రోజు దాటింది, దారి నల్లబడలేదు. మొదటి ఎన్‌క్యాప్ వచ్చే వారం.

రెండు విషయాలు మిగిలాయి. ఒకటి, గోడల వెంబడి, తలుపుల కింద సన్నటి నల్ల గీత ఉంది, కడిగినా పోలేదు. అక్కడ ఎవరూ నడవరు కూడా. రెండు, లిఫ్ట్ ముందు సరిగ్గా జనం తిరిగే చోట ఒక బూడిద మచ్చ అలాగే ఉంది.

రాత్రిషిఫ్ట్
మొదటిది గాలి చేసిన పని. గోడకీ నేలకీ మధ్య సందులోంచి, మూసిన తలుపు కింద నుంచి గాలి అటూ ఇటూ పోతూ ఉంటుంది, కార్పెట్ అంచు ఫిల్టర్‌లా మసి లాంటి సన్న దుమ్ముని పట్టేసుకుంటుంది. ఏళ్ల తరబడి పేరుకున్నది కాబట్టి మామూలు మందుకి లొంగదు. ముందు సన్న గొట్టంతో పొడిగా లాగించు, తర్వాత ద్రావణం వేసి చిన్న చేతి బ్రష్‌తో, మోకాళ్ల మీద కూర్చుని. పూర్తిగా పోతుందని మాటివ్వను. సందు మూయకపోతే మళ్లీ వస్తుంది, ఏసీవాళ్లని పిలిచి ఫిల్టర్లు కూడా చూపించు.

రెండోది, వేలితో పోగుల్ని విడదీసి కింద చూడు. మొదలు దగ్గర రంగు ఉండి కొస మాత్రమే మసకగా ఉంటే అది అరిగిపోయిందన్నమాట. లిఫ్ట్ ముందు అందరూ మడమ మీద తిరుగుతారు, ఇసుక అక్కడే ఎక్కువ కోస్తుంది.

మూడో అంతస్తు
ఇప్పుడే చూశాను. పోగు మొదలు దగ్గర రంగు కొత్తదానిలా ఉంది, కొసలే పాలిపోయాయి. మరి ఆ చోటుకి దారి లేదా?

బకెట్‌రాణి
టైల్సే కదా బాబూ మీవి. ఎవరూ నడవని బీరువా వెనక నుంచి ఆరు టైల్స్ తీసి ఇక్కడ వెయ్, ఇక్కడివి అక్కడ వెయ్. వెనక ఉన్న బాణం గుర్తు ఒకే దిక్కుకి ఉండేలా చూసుకో, లేదంటే రంగు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మూడో అంతస్తు
ఎనిమిది పట్టాయక్కా. బీరువా జరపడానికి నలుగురం కావాల్సొచ్చింది. బీరువా కింద ఒక పాత షాంపూ డబ్బా మూత దొరికింది, ఆ "మూత లెక్క" ఇదేనేమో.